మోడల్ రైలును కింది పట్టా నుంచి పై పట్టాకు ఎక్కించడం ఎలా?

"పై లెవెల్‌కి రైలు ఎక్కట్లేదండి, ఏం చేయాలి?" ఇంట్లో లేఅవుట్, అంటే టేబుల్ మీద మోడల్ రైలు తిరిగే పట్టాల అమరిక, కట్టుకుంటున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఒకరికి ఇంజిన్ చక్రాలు జారుతుంటాయి. ఇంకొకరికి సగం దూరం వెళ్లాక బోగీలు విడిపోయి వెనక్కి దొర్లుతుంటాయి. మరొకరికి పైకి చేరగానే ముందు చక్రాలు పట్టా దిగిపోతాయి. అందరూ ముందు ఇంజిన్‌నే అనుమానిస్తారు, కొత్త ఇంజిన్ కొనాలా అని అడుగుతారు. కొనకండి. నేను చూసినవాటిలో చాలావరకు తప్పు వాలుదే. అందులోనూ వాలు మొదలయ్యే చోట, ముగిసే చోట ఉంటుంది.

కింద ఇచ్చిన కొలతలు హెచ్ఓ స్కేల్ మోడళ్లవి, అంటే రెండు పట్టాల మధ్య దూరం (గేజ్) 16.5 మి.మీ. ఉండేవాటికి. అంతకంటే చిన్నదైన ఎన్ స్కేల్ వాళ్లకు తేడా ఉన్నచోట విడిగా చెప్పాను.

తెలియాల్సిన లెక్క ఒక్కటే. 100 సెం.మీ. దూరంలో పట్టా 2 సెం.మీ. లేస్తే అది 2 శాతం వాలు. ఇంట్లో లేఅవుట్‌కు 2 శాతం హాయిగా ఉంటుంది. చోటు చాలకపోతే 3 దాకా వెళ్లొచ్చు. 4 శాతం మూడు నాలుగు బోగీల చిన్న రైలుకే. ముంబయి–పుణె దారిలో భోర్ ఘాట్ వాలు 37కి 1, అంటే దాదాపు 2.7 శాతం. అక్కడ అసలు రైళ్లకే కర్జత్‌లో వెనక బ్యాంకర్ ఇంజిన్లు తగిలించి లోనావాలా దాకా నెట్టిస్తారు. మీరు టేబుల్ మీద 3 శాతం పెడితే అంతకంటే నిటారు ఘాట్ కడుతున్నట్టే.

కావలసినవి

- 9 లేదా 12 మి.మీ. ప్లైవుడ్. తేమకు ఉబ్బని రకం అడిగి తీసుకోండి. సన్నది వద్దు, ర్యాంప్ (వాలు దారి) కింద నిలబెట్టే దిమ్మల మధ్య కుంగుతుంది.
- దిమ్మలకు చెక్క రీపర్లు
- జిగ్‌సా మెషీన్, లేదా ఒక పూట వడ్రంగి సాయం
- మేస్త్రీలు రసమట్టం అనే స్పిరిట్ లెవెల్, 60 సెం.మీ. లేదా మీటరు పొడవుది. అడ్డంగా పెట్టి చూడటానికి వేలంత చిన్నది ఇంకొకటి.
- కావలసినట్టు వంచుకునే ఫ్లెక్స్ ట్రాక్, పట్టా ముక్కలను కలిపే జాయినర్లు, పట్టా కింద పరవడానికి 3 మి.మీ. కార్క్ షీట్
- స్క్రూలు, క్లాంపులు, ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు
- సోల్డరింగ్ ఐరన్, వైరు
- పాత విజిటింగ్ కార్డులు ఒక పది. ఎందుకో కింద తెలుస్తుంది.

చెక్కపని అస్సలు కుదరదంటే వుడ్‌ల్యాండ్ సీనిక్స్ వాళ్ల ఫోమ్ ఇంక్లైన్లు 2, 3, 4 శాతం వాలుతో తయారుగా దొరుకుతాయి. టేబుల్ మీద అంటించి పైన పట్టా వేసుకోవడమే. ఖర్చు ఎక్కువ, పని తక్కువ. ఫోమ్‌కైనా థర్మోకోల్‌కైనా ఘాటు వాసన వచ్చే సాల్వెంట్ జిగుర్లు వాడొద్దు, కరిగి గుంట పడుతుంది.

1. ఎంత ఎత్తు కావాలో కొలవండి

కింది పట్టా మీద మీ దగ్గరున్న అన్నిటికంటే ఎత్తైన బండిని పెట్టండి. ఆ పట్టా పై అంచు నుంచి, పై పట్టాను మోసే వంతెన అడుగు దాకా కనీసం 75 మి.మీ. ఖాళీ ఉండాలి. కరెంటు ఇంజిన్ మీద పాంటోగ్రాఫ్ (పై తీగను తాకే చట్రం) లేచి ఉంటే, లేదా రెండంతస్తుల కంటైనర్ వ్యాగన్లు ఉంటే, వాటిని కొలిచి 5 మి.మీ. కలుపుకోండి.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆ 75కి వంతెన మందం కూడా కలపాలి. వంతెన భాగంలో మాత్రం బరువు తక్కువ, దూరం తక్కువ కాబట్టి 6 మి.మీ. ప్లై సరిపోతుంది. దానిమీద కార్క్ 3, పట్టా 5. మొత్తం 89, అంటే 90 మి.మీ. అనుకోండి. ఎన్ స్కేల్‌లో ఇదే లెక్క దాదాపు 55 దగ్గర తేలుతుంది.

చోటు ఇరుకా? పై పట్టానే 90 ఎక్కించక్కర్లేదు. పైది 45 ఎక్కించి, కిందిది 45 దింపండి. ర్యాంప్ పొడవు సగమైపోతుంది. టేబుల్ ఒకే పలకగా కాకుండా చట్రం మీద ఉంటేనే ఇది కుదురుతుంది కాబట్టి ముందే ఆలోచించుకోండి.

2. మీ ఇంజిన్ ఎంత లాగుతుందో చూడండి

ఈ పరీక్ష చేయకుండా ర్యాంప్ కోసం ప్లై కోయొద్దు. ప్లై షీటు 8 అడుగులుంటుంది కదా, అందులోంచి నాలుగు అంగుళాల వెడల్పు పట్టీ ఒకటి కోయించండి. దానిమీద ఫ్లెక్స్ ట్రాక్ తాత్కాలికంగా పిన్నులతో బిగించి, ఒక చివర 5 సెం.మీ. ఎత్తండి. అది 2 శాతం. 7.3 సెం.మీ. ఎత్తితే 3 శాతం. పట్టీ మధ్యలో కుంగకుండా కింద పుస్తకాలు సర్దండి.

ఇంజిన్‌కు బోగీలు తగిలించి, వాలు మధ్యలో ఆపి, అక్కడినుంచి కదిలించండి. పరుగెత్తుకుంటూ వచ్చి ఎక్కేస్తే అది పరీక్ష కాదు. ఆగిన చోటునుంచి కదలాలి. చక్రాలు జారేదాకా ఒక్కో బోగీ పెంచుతూ పోండి. ఎనిమిది బోగీలకు జారిందనుకోండి, ఆరే మీ లెక్క. ఎందుకంటే పరీక్ష తిన్నని పట్టా మీద చేశారు, అసలు ర్యాంప్‌లో వంపులుంటాయి. వంపులో చక్రాల రాపిడి కూడా వాలులాగే బరువవుతుంది. హెచ్ఓలో 60 సెం.మీ. వ్యాసార్ధం వంపు దాదాపు 1.3 శాతం వాలుకు సమానం. కాబట్టి ఆ వంపులో 2 శాతం పెడితే ఇంజిన్‌కు అది 3.3 లాగా తెలుస్తుంది. 45 సెం.మీ. వంపైతే ఇంకా ఎక్కువ, 1.8 దాకా కలుస్తుంది.

చక్రాలు, పట్టాలు తుడిచాకే పరీక్ష చేయండి. పట్టా మీద నూనె ఉంటే 2 శాతం కూడా కొండే.

3. పొడవు లెక్క: అసలు కిటుకంతా ఇక్కడే

90 మి.మీ. ఎత్తుకు 2 శాతం వాలు అంటే 4.5 మీటర్లు. కాగితం మీద ఇది కరెక్టే. కానీ చదునుగా ఉన్న పట్టా ఒక్కసారిగా 2 శాతానికి విరిగితే ఆ మడతలో ఇంజిన్ ముందు భాగం పట్టాకు రాసుకుంటుంది, బోగీలను కలిపే కప్లింగులు ఒకటి పైకి ఒకటి కిందకి జారి విడిపోతాయి. పై చివర ఇంకా ప్రమాదం. ఆరు జతల చక్రాలున్న పొడవైన ఇంజిన్ ఆ గూని మీదికి వచ్చేసరికి ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి.

అందుకే వాలును మెల్లగా పుట్టించాలి, మెల్లగా ముగించాలి. నేను పాటించే కొలత ఇది: ప్రతి 30 సెం.మీ.కి వాలు 1 శాతం కంటే ఎక్కువ మారకూడదు. అంటే 2 శాతానికి చేరడానికి 60 సెం.మీ., 3 శాతానికి 90 సెం.మీ. అడుగునా అంతే, పైనా అంతే. వాలు పుట్టే, ముగిసే ఈ మలుపుల్లో ఎత్తు సగమే వస్తుంది కాబట్టి 2 శాతం ర్యాంప్ 4.5 నుంచి 5.1 మీటర్లవుతుంది. 3 శాతంది 3 మీటర్ల నుంచి 3.9 అవుతుంది.

2 శాతం ర్యాంప్‌కు 30 సెం.మీ.కి ఒక దిమ్మ చొప్పున ఎత్తులు ఇలా వస్తాయి:

- మొదలు (0): 0
- 30 సెం.మీ.: 1.5 మి.మీ.
- 60 సెం.మీ.: 6 మి.మీ.
- 90 సెం.మీ.: 12 మి.మీ.
- అక్కడినుంచి ప్రతి 30 సెం.మీ.కి 6 మి.మీ. చొప్పున పెంచుతూ 450 సెం.మీ. దగ్గర 84 మి.మీ.
- 480 సెం.మీ.: 88.5 మి.మీ.
- 510 సెం.మీ.: 90 మి.మీ.

ఆ తొలి 30 సెం.మీ.లో కేవలం మిల్లీమీటరున్నర. కంటికి చదునుగానే కనిపిస్తుంది, "ఇక్కడ ఇంత చోటు వేస్ట్ ఎందుకు" అనిపిస్తుంది. నా మొదటి ర్యాంప్‌లో నేనూ అలాగే అనుకుని తీసేశాను. ప్లాస్టిక్ స్తంభాల సెట్ ఒకటి పెట్టి నేరుగా ఎక్కించాను. మూడో బోగీ ప్రతిసారీ పై చివరే విడిపోయేది. కప్లింగులు మార్చాను, బోగీల బరువు మార్చాను, రెండు నెలలు పోయాయి. చివరికి ఒకరోజు కన్ను పట్టా ఎత్తులో పెట్టి చూస్తే, గూని దగ్గర రెండు కప్లింగుల మధ్య ఎత్తు తేడా స్పష్టంగా కనిపించింది. ఒక స్తంభం కింద నాలుగు కార్డు ముక్కలు దూర్చి, ఇంకో స్తంభాన్ని కొద్దిగా చెక్కాక, అదే బోగీ, అదే కప్లింగ్, ఒక్కసారి కూడా విడిపోలేదు.

4. దారి గీసుకోండి

ప్లై మీద పట్టా మధ్యగీత పెన్సిల్‌తో గీయండి. మూడు జాగ్రత్తలు:

- వాలు పుట్టే, ముగిసే మలుపుల్లో పాయింట్లు (రైలు ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మారే చోట్లు) పెట్టొద్దు. పాయింట్ అంతా ఒకే తలంలో ఉండాలి. తప్పనిసరైతే వాలు స్థిరంగా ఉన్న మధ్యభాగంలో పెట్టండి.
- స్టేషన్, బోగీలు పక్కన నిలిపే సైడింగ్ వాలులో వద్దు. ఇంజిన్ విప్పగానే బోగీలు దొర్లిపోతాయి.
- ర్యాంప్‌లో 60 సెం.మీ. కంటే చిన్న వంపు రాకుండా చూడండి. ఎన్ స్కేల్‌కు 30–35 సెం.మీ.

5. ప్లై కోయండి, కానీ చివరలు తెగ్గొట్టొద్దు

మధ్యగీతకు రెండు వైపులా 3–4 సెం.మీ. దూరంలో ప్లైని పట్టాతోపాటు పొడవునా కోయండి. ర్యాంప్ మొదలయ్యే చోట మాత్రం ఆ పట్టీ మిగతా టేబుల్ పలకకు అతుక్కునే ఉండాలి. ఇప్పుడు రెండో కొసను మెల్లగా ఎత్తితే ప్లై తనంతట తానే వంగుతుంది. మనం ఎంత లెక్కలేసి చెక్కినా అంత నునుపు రాదు. విడి ముక్కను తెచ్చి స్క్రూతో బిగిస్తే మాత్రం అక్కడ మడత ఖాయం.

రెండు ప్లై ముక్కలు అతకాల్సి వస్తే, అతుకు కింద కనీసం 20 సెం.మీ. పొడవు ఇంకో ప్లై ముక్క పెట్టి జిగురు, స్క్రూ రెండూ వాడండి. అతుకు దిమ్మ మీద పడకూడదు.

6. దిమ్మలు నిలబెట్టండి

పై ఎత్తుల ప్రకారం రీపర్ ముక్కలు కోసి ముందు క్లాంపులతోనే పట్టించండి. జిగురు ఇంకా వద్దు.

వాలు చూడటానికి ఫోన్‌లోని లెవెల్ యాప్‌ను నమ్మకండి. 2 శాతం అంటే కోణంలో 1.15 డిగ్రీలే. ఒక డిగ్రీ అటూ ఇటూ చూపించే యాప్ ఇక్కడ పనికిరాదు. దానికంటే ఇలా చేయండి: మీటరు స్పిరిట్ లెవెల్ ఒక కొస కింద సరిగ్గా 20 మి.మీ. చెక్కముక్క అంటించండి. 60 సెం.మీ. లెవెల్ అయితే 12 మి.మీ. ముక్క. ఆ ముక్క ఉన్న కొసను వాలు దిగువవైపు పెట్టండి. బుడగ సరిగ్గా మధ్యకొస్తే అది 2 శాతం. వాలు పుట్టే, ముగిసే మలుపులు వదిలి, మిగతా ర్యాంప్ పొడవునా జరుపుకుంటూ పోండి. ఎక్కడ బుడగ పక్కకెళ్తే అక్కడ దిమ్మ సరిచేయాలి. చిన్న తేడాలకు విజిటింగ్ కార్డులు కింద దూర్చండి.

తర్వాత చిన్న లెవెల్‌ను అడ్డంగా పెట్టి చూడండి. పొడవు వాలు బాగున్నా, పలక ఒక పక్కకు ఒరిగితే వంపులో బోగీలు పడతాయి.

7. జిగురు పెట్టకముందే రైలు నడపండి

పట్టాను పిన్నులతో నిలిపి, క్లాంపుల మీదే రైలు నడిపించండి. కనీసం ఒక సాయంత్రమంతా. పైకి, కిందకి, ఇంజిన్ ముందుంచి, వెనకుంచి. సంతృప్తి కలిగాకే స్క్రూలు, జిగురు.

8. పట్టా వేయండి

వంపులో రెండు ఫ్లెక్స్ ట్రాక్‌లు కలవాల్సి వస్తే, వాటిని వంచకముందు, తిన్నగా ఉన్నప్పుడే టంకం వేసి తర్వాత వంచండి. లేకపోతే అతుకు దగ్గర మూల తేలుతుంది. అన్ని అతుకులకూ టంకం వేయొద్దు. మీటరు పట్టా 20 డిగ్రీల వేడి పెరిగితే మిల్లీమీటరులో మూడో వంతు సాగుతుంది. మేడమీద గదుల్లో మే నెలకూ జనవరికీ అంత తేడా సులువుగా ఉంటుంది. ప్రతి రెండు మూడు మీటర్లకు ఒక అతుకును టంకం లేకుండా, విజిటింగ్ కార్డు రెండు మడతల సందుతో వదలండి.

మీటరుకొకచోట పట్టాకు వైరు టంకం వేసి కింద 1.5 చదరపు మి.మీ. మెయిన్ వైరుకు కలపండి. ఎక్కేటప్పుడు ఇంజిన్ ఎక్కువ కరెంటు లాగుతుంది. వోల్టేజ్ పడిపోయి ఇంజిన్ నీరసిస్తే చాలామంది దాన్ని వాలు తప్పనుకుంటారు.

9. అంచుకు గోడ కట్టండి

ర్యాంప్ రెండు పక్కలా 3–4 సెం.మీ. ఎత్తు అక్రిలిక్ లేదా సన్నని ప్లై పట్టీ బిగించండి. దృశ్యం పాడవుతుందని వదిలేయకండి. నేలమీద పడ్డ ఇంజిన్ గేర్లు మళ్లీ మునుపటిలా అవ్వవు.

ఎక్కువగా జరిగే తప్పులు

*తేలిక బోగీలు ముందు, బరువైనవి వెనక.* వంపులో ఎక్కేటప్పుడు బరువంతా తేలిక బోగీని లోపలికి లాగి పడేస్తుంది. బరువైనవి ఇంజిన్ వెనకాలే ఉండాలి. అమెరికా మోడల్ రైలు సంఘం ఎన్‌ఎంఆర్ఏ కొలత ప్రకారం హెచ్ఓ బోగీ బరువు 28 గ్రాములు, దానికి పొడవులో ప్రతి అంగుళానికి 14 గ్రాములు కలిపి ఉండాలి. 10 అంగుళాల బోగీకి దాదాపు 170 గ్రాములు. వాలులో తేలికగా ఉంటే మంచిదని బరువు మరీ తగ్గించేయకండి.

*దిగేటప్పుడు పట్టించుకోకపోవడం.* మామూలు డీసీ కంట్రోలర్‌తో దిగేటప్పుడు రైలు వేగం అందుకుంటుంది, వెనక బోగీలు ఇంజిన్‌ను తోస్తాయి. వాలు అంచుకు రాకముందే వేగం తగ్గించండి.

*ఎక్కించడానికి ఇంజిన్ మీద బరువు పెట్టడం.* కొద్దిగా, లోపల ఖాళీ ఉంటే 20–30 గ్రాములు సరే. అంతకుమించితే చక్రాలు జారవు గానీ మోటారు వేడెక్కుతుంది. చక్రం జారడమే మోటారుకు రక్షణ. బరువు పెంచే బదులు రెండో ఇంజిన్ తగిలించండి.

ఎత్తు 30, 40 సెం.మీ. ఉంటే?

రెండంతస్తుల లేఅవుట్ కట్టేవాళ్లకు మామూలు ర్యాంప్ చాలదు. గది గోడల చుట్టూ నెమ్మదిగా ఎక్కించే దారి ఒకటి ఉంది. 10 అడుగుల చదరపు గదిలో, మూలల్లో 60 సెం.మీ. వంపుతో, ఒక చుట్టుకు 9.5 మీటర్లకు పైగా పట్టా వస్తుంది. 2 శాతంతో ఒక్క చుట్టుకు 18 సెం.మీ. దాటి ఎక్కొచ్చు. తలుపు దగ్గర తీసిపెట్టే వంతెన మాత్రం తప్పదు. నన్నడిగితే ఇదే అందమైన దారి, ఎందుకంటే రైలు ఎక్కడం మొత్తం కనిపిస్తుంది.

రెండోది హెలిక్స్, చుట్లు చుట్లుగా తిరిగే మెట్లదారి లాంటిది. 60 సెం.మీ. వ్యాసార్ధంతో ఒక చుట్టుకు 377 సెం.మీ. పట్టా. చుట్టుకు 9 సెం.మీ. ఎక్కితే వాలు 2.4 శాతం. 40 సెం.మీ. ఎక్కాలంటే నాలుగున్నర చుట్లు, 17 మీటర్ల పట్టా. మీటరున్నర పొడవు, మీటరున్నర వెడల్పు చోటు పోతుంది, రైలు రెండు నిమిషాలు కనిపించకుండా లోపలే తిరుగుతుంది. ఇవన్నీ ఒప్పుకున్నాకే మొదలుపెట్టండి.

హెలిక్స్‌ను నిలబెట్టడానికి 8 మి.మీ. త్రెడెడ్ రాడ్లే (పొడవునా మరలున్న కడ్డీలు) మేలు. చుట్టూ ఎనిమిది చోట్ల, లోపల ఒకటి బయట ఒకటి, ప్లైకి పైనా కిందా నట్టు, వాషర్. సాధారణ 8 మి.మీ. రాడ్‌లో నట్టు ఒక తిప్పుకు 1.25 మి.మీ. కదులుతుంది. మనకు ఒక రాడ్ నుంచి పక్క రాడ్‌కు కావాల్సింది 90లో ఎనిమిదో వంతు, 11.25 మి.మీ. అంటే సరిగ్గా తొమ్మిది తిప్పులు. స్కేలు పెట్టే పనే లేదు, తిప్పులు లెక్కపెట్టుకుంటూ పోతే వాలు తప్పదు.

ఇక్కడ 6 మి.మీ. ప్లై మాత్రమే వాడండి, కార్క్ వద్దు. 90లో ప్లై 6, పట్టా 5 పోతే 79 మిగులుతుంది. 12 మి.మీ. ప్లై వేస్తే 73 అవుతుంది, ఎత్తైన బోగీ రాసుకుంటుంది. మధ్యలో మనిషి దూరి నిలబడే ఖాళీ ఉంచండి. పడిపోయిన బోగీని అక్కడినుంచే తీయాలి.

జంట పట్టాలైతే ఎక్కే రైలు బయటి పట్టా మీద ఉండాలి, అక్కడ వాలు తక్కువ. మన రైళ్లు ఎడమవైపు నడుస్తాయి కాబట్టి, పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిశలో ఎక్కేలా కట్టండి. బయటి పట్టా దానంతటదే ఎక్కే రైలుకు వస్తుంది.

లిఫ్ట్ పద్ధతి కూడా ఉంది: డ్రాయర్ ఛానెళ్ల మీద పలక, దాన్ని మోటారుతో పైకి కిందకి జరపడం. చోటు ఆదా అవుతుంది గానీ ప్రతి అంతస్తులో పట్టా అర మిల్లీమీటరు తేడా లేకుండా కలవాలి, పలక లేనప్పుడు రైలు గుంటలోకి వెళ్లకుండా ముందున్న పట్టాకు కరెంటు ఆగిపోవాలి. ఎలక్ట్రానిక్స్ పని ఇష్టమైతేనే ఆ దారి పట్టండి.

సరిగ్గా వచ్చిందా? ఇలా చూడండి

- మీ పొడవైన ఇంజిన్‌ను పై మలుపు మీద ఆపి, ఒక్కో చక్రం కింద సన్నని కాగితం దూర్చండి. ఏ చక్రం కింద కాగితం తేలిగ్గా జారితే అది గాలిలో ఉన్నట్టే. ఆ దిమ్మను దించండి, లేదా పక్క దిమ్మలను కొద్దిగా లేపండి.
- రైలును ర్యాంప్ మొదట్లో, మధ్యలో, పై చివర ఆపి కదిలించండి. మూడు చోట్లా జారకుండా కదలాలి.
- పూర్తి రైలును వెనక్కి నెట్టుకుంటూ ఎక్కించండి. పట్టాలోని లోపాలన్నీ ఇందులోనే బయటపడతాయి.
- ఫోన్‌ను పట్టా ఎత్తులో పెట్టి స్లో మోషన్ వీడియో తీయండి. కప్లింగులు పైకీ కిందకీ ఆడుతుంటే ఆ చోటు గుర్తుపెట్టుకుని కార్డు ముక్కలతో సర్దండి.
- బోగీలు పడేది ఎప్పుడూ ఒకే చోటైతే పట్టా తప్పు. ఎక్కడపడితే అక్కడ ఒకే బోగీ పడుతుంటే బోగీ తప్పు.

ఇవన్నీ దాటాక కూడా కంకర, గడ్డి, కొండలు వెంటనే వేయొద్దు. ఒక వానాకాలం గడవనివ్వండి. తేమకు ప్లై ఎక్కడైనా లేస్తే సెప్టెంబరులో చెక్కముక్క అంటించిన ఆ లెవెల్‌నే మళ్లీ ర్యాంప్ పొడవునా జరిపి చూసి, బుడగ కదిలిన చోట దిమ్మలు సరిచేసుకుని, అప్పుడు కంకర పోయండి.